నల్లమలకు వచ్చిన వేటగాడు – కెన్నెత్ ఆండర్సన్

ప్రత్యేక సంచికలలో మహాత్ములను గూర్చి, మహాకవులను గూర్చి వ్రాసే మిత్రులు మన సంఘంలో ఎందరో కలరు. నేను ఈసారి ఒక వేటగాణ్ణి గూర్చి వ్రాయదలచితిని. జంతువులను చంపినవాడి జీవితం మనకెందుకని కొందరు సోదరీమణులు నొచ్చుకోవచ్చు. చివరిదాకా చదివి, అప్పుడు కోప్పడవలసిందిగా మనవి. కెన్నెత్ ఆండర్సన్ గారు పేరుకు తెల్లదొరే గాని, పుట్టింది మన తెలుగు గడ్డ మీద. చేసింది ఉద్యోగం. మనలాగే సెలవు పెట్టి, పని చూసుకొని, సెలవు అయిపోగానే మళ్ళీ సీటులో వచ్చి కూర్చున్న మనిషి. పైగా మన నంద్యాల – గిద్దలూరు రైలు మార్గంలోని చిన్న చిన్న స్టేషన్ల పేర్లను విదేశాలలో అచ్చయిన పుస్తకంలోకి ఎక్కించిన ఘనత ఆయనది.

ఆండర్సన్ గారు 1910 మార్చి 8వ తేదీన బొలారంలో జన్మించారు. అప్పటికి అది నిజాం గారి హైదరాబాదు సంస్థానం, సికింద్రాబాదు కంటోన్మెంటు పక్క ప్రాంతం. వారిది స్కాట్లండు మూలాలున్న కుటుంబమైనా తరతరాలుగా ఈ దేశంలోనే స్థిరపడిపోయారు. తండ్రిగారు సైన్యం వారి జీతభత్యాల లెక్కలు చూసే కార్యాలయంలో అధికారి. అంటే వారిదీ ఫైళ్ళ కుటుంబమే! ఆ తండ్రికి వేట సరదా ఉండేది. అడవి మీద ఇష్టం, తుపాకి పట్టే పద్ధతి కొడుక్కు ఆయన దగ్గరే అబ్బినవి. చదువు బెంగుళూరులోని బిషప్ కాటన్ స్కూలులోను, సెయింట్ జోసఫ్ కాలేజీలోను సాగింది. న్యాయశాస్త్రం చదవమని ఎడిన్‌బరో పంపిస్తే, ఆ చదువు మధ్యలో వదిలేసి తిరిగి వచ్చేశారు. వకీలు కావలసినవాడు అడవి మీద బెంగతో వెనక్కు వచ్చాడని నా ఊహ.

వచ్చిన తరువాత తంతి తపాలా శాఖలో చేరి పదిహేను సంవత్సరాలు పనిచేశారు. ఆ పిమ్మట బెంగుళూరు విమాన కర్మాగారంలో, అనగా తరువాత హిందూస్థాన్ ఏరోనాటిక్స్ అయిన సంస్థలో, ప్లానింగు విభాగపు మేనేజరు హోదా దాకా వెళ్ళారు. కన్నడం, తమిళం తెలిసినవాడు. పల్లెలో పశువుల కాపరితోను, అడవిలో పూజారి జాతి గిరిజనుడితోను కూర్చుని బీడీ కాలుస్తూ మాట్లాడగలిగే మనిషి కావడంతో, ఎక్కడ పులి మనిషిని పట్టినా కబురు ఈయనకు చేరేది. కబురు రాగానే సెలవు చీటీ వ్రాసి బయలుదేరడమే. సెలవు అయిపోతే పులి దొరకకపోయినా తిరుగు ప్రయాణం తప్పదు. పులికి సెలవు నిబంధనలు తెలియవు గదా! రాజులకు, జమీందారులకు లేని ఈ ఇబ్బంది మన ఉద్యోగులకు బాగా అర్థమవుతుంది.

ఇక ఆయన తుపాకి సంగతి. దీని గురించి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. నేను ఆళ్ళగడ్డ తాలూకా కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన రోజులలో కొంతకాలం ఆయుధాల లైసెన్సుల రిజిస్టరు నా బల్ల మీదే ఉండేది. ఎస్.బి.బి.ఎల్., డి.బి.బి.ఎల్., ఎం.ఎల్. అని వరుసగా వ్రాసుకుంటూ పోవడమే పని. ఒంటి గొట్టం, జంట గొట్టాలు, మూతి నుండి మందు కూరే నాటు తుపాకి అని వాటికి అర్థం. ఒక్కొక్కరు ఒక్కసారికి ఎన్ని తూటాలు దగ్గర ఉంచుకోవచ్చునో, సంవత్సరానికి ఎన్ని కొనవచ్చునో లైసెన్సులోనే ఒక గడి ఉండేది. రైఫిలు అనే మాట ఆ రిజిస్టరులో అరుదు. పందుల నుండి శనగ చేను కాపాడుకునే రైతుకు దానితో పనేమున్నది?

ఆండర్సన్ గారిది .405 వించెస్టర్ రైఫిలు, 1895 మోడలు. అమెరికాలో జాన్ బ్రౌనింగు అనే మహా మేధావి రూపకల్పన చేసినది. ఈ .405 తూటాను 1904లో విడుదల చేశారు. గొట్టం లోపలి వెడల్పు అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే 405 భాగాలు, అంటే సుమారు పది మిల్లీమీటర్లు. జింకల వేటకు వాడే సన్నబోరు కాదు, ఏనుగుల కోసం చేసిన .577, .600 వంటి ఫిరంగులూ కాదు. మధ్యస్థం. అయినా దెబ్బ మాత్రం గట్టిది. అమెరికా అధ్యక్ష పదవి నుండి దిగిన థియోడర్ రూజ్వెల్టు 1909లో ఆఫ్రికా వేటకు వెళ్ళినప్పుడు సింహాలకు సరియైన మందు ఇదేనని మెచ్చుకున్నాడు. తుపాకి బరువు నాలుగు కిలోలకు లోపే. పిడి వెనుక బిగించిన రేకు ఉక్కుది. కాల్చినప్పుడు భుజానికి తగిలే తన్ను ఎలాంటిదో దానిని వాడినవారంతా తలచుకున్నారు.

దాని గుండు బరువు 300 గ్రైన్లు. గ్రైను అంటే ఎంతని నేటి పిల్లలు అడుగుతారు. మన తరం వారికి తోలా లెక్క చెబితే చాలు. తోలాకు 180 గ్రైన్లు. కాబట్టి ఆ గుండు ఒకటీ రెండు బై మూడు తోలాలు. మన ఇళ్ళలో ఆడపిల్లకు పెట్టే చిన్న గొలుసంత బరువు సెకనుకు 2,200 అడుగుల వేగంతో పోతుందన్నమాట. అంటే కన్ను మూసి తెరిచేలోగా వంద గజాలు దాటిపోతుంది. తూటాలు పేటికలో నాలుగు, గొట్టంలో ఒకటి. పిడి కింద ఉన్న లీవరును ఒకసారి కిందికి, పైకి ఆడిస్తే ఖాళీ గుల్ల బయట పడి కొత్త తూటా ఎక్కుతుంది. గాయపడ్డ పులి మీదకు దూకినప్పుడు రెండవ దెబ్బకు వ్యవధి ఇచ్చేది ఆ లీవరే.

తూటా అనేది నాలుగు వస్తువుల కూడిక. ఇత్తడి గుల్ల, దాని అడుగున క్యాపు, లోపల మందు, మూతిలో గుండు. కాల్చిన తరువాత క్యాపు, మందు, గుండు పోతాయి. ఇత్తడి గుల్ల మిగులుతుంది. ఆ గుల్లను పారేయకుండా మళ్ళీ చేత్తో నింపుకోవడం ఒక విద్య. పేలినప్పుడు గుల్ల కొంచెం ఉబ్బుతుంది. దానిని ఉక్కు అచ్చులో నొక్కి పాత కొలతకు తీసుకురావాలి. కాలిన క్యాపు తీసి కొత్తది అదమాలి. మందును కంసాలి త్రాసు వంటి చిన్న త్రాసులో గ్రైన్ల లెక్కన తూచి పోయాలి. ఆపైన గుండును సరియైన లోతులో కూర్చోబెట్టి మూతి బిగించాలి. మందు ఎక్కువైతే తుపాకే పగిలి ముఖాన పడవచ్చు. తక్కువైతే గుండు గురికి కిందుగా పోయి, గుండెకు తగలవలసినది కాలికి తగులుతుంది. అలా ఒక గుల్లను కొన్నిసార్లు వాడవచ్చు, మెడ దగ్గర చీలిక కనబడే వరకు. పాతకాలపు క్యాపులలో ఉప్పు వంటి పదార్థం ఉండేది. దానివల్ల గొట్టం తుప్పు పట్టకుండా వేట నుండి రాగానే కాచిన వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, నూనె పూసేవారు. బద్ధకస్తుడికి రైఫిలు నిలవదు.

మన పల్లెల నాటు తుపాకి కూడా చేత్తో నింపేదే గదా అనవచ్చు. నిజమే. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందు మూతి నుండి పోసి, గుడ్డపేలికలు కుక్కి, మీద సీసపు రవ్వలో, ఇనుప ముక్కలో వేసి గజంతో దట్టించేవారు. అందులో తూకం లేదు. చేతికి వచ్చిన కొలతే కొలత. పేలగానే గుప్పున పొగ. ఆ పొగలో జంతువు పడిందో పోయిందో తెలియదు. పంది కోసం పొంచి ఉన్న రైతు ముందుకు చీకట్లో పులి వస్తే, భయంతో దాని మీద పేల్చి చెట్టెక్కేవాడు. రవ్వలు పులి కాలిలోనో దవడలోనో దిగేవి. పులి చావదు. పుండు మానదు. దుప్పిని తరిమే కాలు పోయిన పులి ఏమి తిని బ్రతకాలి? ముందు ఊరి పశువులు, తరువాత పశువుల వెంట ఉన్న మనిషి.

ఆండర్సన్ గారి వ్రాతలన్నిటిలో నాకు ముఖ్యంగా కనిపించినది ఈ ఒక్క విషయమే. మనిషిని తినే పులి పుట్టుకతో అలాంటిది కాదు. చాలాసార్లు దానిని అలా చేసినది సరిగా తగలని ఒక తుపాకి దెబ్బ. లేదా ఏదుపంది ముల్లు, లేదా ముసలితనం. ఉత్తరాదిలో జిమ్ కార్బెట్ గారు 1907లో చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టన పెట్టుకున్నదని ప్రసిద్ధి. దాని కుడివైపు కోరలు పాత గుండు దెబ్బకు విరిగిపోయి ఉన్నాయి. ఎవరో ఒకడు తొందరపడి కాల్చి ఇంటికి పోయి నిద్రపోయి ఉంటాడు. దాని వడ్డీ నాలుగువందల పైచిలుకు కుటుంబాలు కట్టినవి. నా రిజిస్టరులో ఎం.ఎల్. అని వ్రాసిన ప్రతి పద్దు వెనుక ఇంత కథ ఉండవచ్చునని ఈయన పుస్తకాలు చదివిన తరువాతనే తెలిసింది.

ఇప్పుడు మన నంద్యాలకు వద్దాం. 1959లో వెలువడిన ఆయన మూడవ పుస్తకంలో హైదరాబాదు నుండి వచ్చిన హంతకి అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక కథ కలదు. దాని రంగస్థలం గాజులపల్లె, బసవాపురం, చలమ. నంద్యాల దాటి మహానంది కొండల పక్కగా నల్లమలలోకి ఎక్కే మీటరుగేజి లైను మీది స్టేషన్లు అవి. బొగద, దిగువమెట్ట పేర్లు మన సంఘంలోని రైల్వే మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. లోయ మీద ఎత్తుగా నిలిచిన దొరబావి వంతెన, కొండను తొలిచిన సొరంగం, అడవి మధ్య ఒంటరి స్టేషను, దీపం పట్టుకుని నిలబడ్డ పాయింట్‌మన్, పట్టాలు చూసుకుంటూ నడిచే గ్యాంగుమన్. పులి భయం పట్టినప్పుడు ఆ ఉద్యోగి స్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. రైలు ఆపడానికి లేదు. పట్టా చూడకుండా ఉండడానికి లేదు. రాత్రి డ్యూటీ మారడానికి మనిషి నడిచి రావలసిందే. పులి కృష్ణ అవతలి నిజాం రాజ్యం అడవుల నుండి వచ్చినదని పేరును బట్టే తెలుస్తుంది. సంస్థానం సరిహద్దు మనుషులకే గాని పులికి లేదు.

ఆ కథలో చెంచువారు వస్తారు. విల్లంబులు, తేనె పట్లు, ఆకుల గుడిసెలు, అడవిలో ఆకు కదిలితే ఎందుకు కదిలిందో చెప్పగల చెవులు. ఆళ్ళగడ్డ నుండి అహోబిలం తిరునాళ్ళకు వెళ్ళినవారికి చెంచులు కొత్త కాదు. నరసింహస్వామిని తమ ఇంటి అల్లుడుగా చెప్పుకునే జనం వారు. ఆండర్సన్ గారు వారిని కూలీలుగా గాక తోటి వేటగాళ్ళుగా చూశారు. నాకు ఆయనలో బాగా నచ్చిన గుణం ఇది. ఆ కాలపు దొరల పుస్తకాలలో అడుగు జాడ చూపినవాడికి పేరుండదు. ఈయన పుస్తకాలలో వారికి పేరు ఉంటుంది, ఊరు ఉంటుంది, అప్పులు ఉంటాయి, కుటుంబ కష్టం ఉంటుంది. సేలం అడవులలోని బైరా అనే పూజారి జాతి మనిషిని ఆజన్మ మిత్రుడుగా చెప్పుకుని, ఒక అధ్యాయమే ఆయన పేరు మీద వ్రాశారు.

మన ప్రాంతపు కథలు అంతటితో అయిపోలేదు. అప్పటి చిత్తూరు జిల్లాలో భాకరాపేట దగ్గరి చామల లోయ పులి, రేణిగుంట పైన మామండూరు పులి కథలు కూడా ప్రసిద్ధమైనవే. తిరుమల వెళ్ళే రైలులో మామండూరు స్టేషను దాటేటప్పుడు నిద్రపోకుండా కిటికీలోంచి చూడమని మా మనుమలకు చెబుతూ ఉంటాను.

ఆయన పద్ధతి ఇది. పులి చంపి వదిలిన పశువు దగ్గరో, లేదా కట్టివేసిన ఎర దగ్గరో చెట్టు మీద మంచె. నులక మంచం తిరగేసి కొమ్మల మధ్య కట్టుకుంటే దానికంటే సుఖమైన మంచె లేదని ఆయన అభిప్రాయం. రైఫిలు గొట్టానికి బిగించిన టార్చి. తెల్లవార్లూ దగ్గు రాకూడదు, దోమ కుట్టినా చేయి ఆడించకూడదు. వేలు నొక్కవలసిన క్షణం రాత్రంతటిలో ఒక్కటే. గురి భుజం వెనుక, గుండె ఉన్న చోటు. ఒకవేళ దెబ్బ తప్పి పులి గాయంతో పోతే, మరునాడు పగటిపూట రక్తపు జాడ పట్టుకుని కాలినడకన పొదలలోకి వెళ్ళి దానిని ముగించి రావలసిందే. ఈ పనికి ఊరివాళ్ళను ముందు పంపకూడదు. ఇదొక్కటి ఆయన దగ్గర రాజీ లేని నియమం. పొడవాటి రైఫిలు పట్టుకొని, వంగి, ఈతపొదల కింద నుండి పోవడం, ఎదుట అడుగు దూరం కనిపించకపోవడం, అవతల ఎక్కడో నొప్పితో కాచుకొని ఉన్న పులి. ఇది చదివేటప్పుడు నాకు చెమట పట్టిన మాట వాస్తవం.

ప్రభుత్వ లెక్కల ప్రకారం 1939 నుండి 1966 వరకు ఆయన చంపిన మనుషులను తినే చిరుతలు ఎనిమిది, పులులు ఏడు. మొత్తం పదిహేను. ఇరవై ఏడు సంవత్సరాల సర్వీసుకు ఇది పెద్ద సంఖ్య కాదు. మధ్య భారతంలోని సర్గుజా మహారాజు ఒక్కడే వెయ్యికి పైగా పులులను కాల్చినట్లు చెప్పుకున్నారు. ఏనుగుల మీద, అంబారీలలో, వందలమంది డప్పులు కొట్టి తోలుకొస్తే కాల్చినవి అవి. ఆ వెయ్యి ఎవరికీ గుర్తు లేదు. ఈ పదిహేనింటి కోసం జనం ఇప్పటికీ పుస్తకాలు కొంటున్నారు. కథలలో ఆయన కొంత కల్పన కలిపారని, దయ్యాలు, మంత్రాలు చొప్పించారని విమర్శించినవారు ఉన్నారు. కొంత ఉండవచ్చు. కథ చెప్పేవాడు చెట్టుకు నాలుగు కొమ్మలు ఎక్కువ వేస్తాడు. అడవి దారులు, వాగులు, ఊళ్ళు మాత్రం ఆయన చెప్పిన చోటనే ఉన్నాయి.

వయసు మీద పడిన కొద్దీ ఆయన తుపాకి తగ్గించి కెమెరా పట్టారు. దీనికి ముందునుంచీ సూచనలు ఉన్నాయి. మైసూరు దగ్గర చెరకు తోటలలో వెంట ఉన్నవాడొకడు అనవసరంగా ఒక తల్లి ఎలుగును కాల్చాడు. దాని పిల్ల తల్లి మీద పడి ఏడుస్తుంటే ఆండర్సన్ గారు పట్టుకుని తెచ్చి భార్యకు ఇచ్చారు. అది ఇంట్లో కుక్కలతోపాటు తిరిగింది, ఎలుకల మందు తిని చావు తప్పించుకుంది, కారుకు తెచ్చిన పాత నూనె తాగింది. పెద్దదైన తరువాత మైసూరు జంతుశాలకు పంపితే ఆమె, అది ఒకరికోసం ఒకరు తిండి మానేశారు. చివరకు దానిని తిరిగి తెచ్చి, పెరట్లో చుట్టూ కందకం తవ్వి చిన్న దీవి చేసి అందులో ఉంచారు. సి.బి.ఎస్.ఇ. తొమ్మిదవ తరగతి ఇంగ్లీషు వాచకంలో ఇది పాఠంగా వచ్చింది. మీ మనుమలనో మనుమరాళ్ళనో అడిగి చూడండి, ఎలుగు కథ తెలుసునంటారు. వ్రాసినవాడు పులుల వేటగాడని మాత్రం వారికి తెలియకపోవచ్చు.

ఈలోగా ఆయన రైఫిలుకు కూడా వయసు వచ్చింది. ఆ మోడలు తయారీ 1930లలోనే ఆగిపోయింది. .405 తూటాల తయారీ 1950లలో ఆగింది. దాంతో ప్రపంచంలో ఆ రైఫిలు ఉన్నవారందరూ పెట్టెలో మిగిలిన తూటాలు లెక్క పెట్టుకోవలసి వచ్చింది. అమెరికాలోనైతే ఇందాక చెప్పిన చేత్తో నింపుకునే విద్యే చాలామంది రైఫిళ్ళను బ్రతికించింది. మన దేశంలో అచ్చులు, క్యాపులు, మందు అంత తేలికగా దొరికేవి కావు. 1959 నాటి ఆయుధాల చట్టం 1962 అక్టోబరు నుండి అమలుకు వచ్చింది. పాత తూటా తేమకు పాడై, గుర్రం పడినా పేలక, టక్కుమన్న చప్పుడు మాత్రమే వస్తే మంచె మీది మనిషి గతేమిటి? అందుచేత ఒక్కొక్క తూటా ఒక్కొక్క జీతపు రాళ్ళలా ఖర్చు పెట్టవలసిన కాలం అది. గురి చూసి, నిదానించి, తగలదనుకుంటే కాల్చకుండా ఊరుకోవడమే మార్గం. 2001లో ఆ రైఫిలును, తూటాను మళ్ళీ తయారుచేసి అమ్మకానికి పెట్టారు. అప్పటికి వాడవలసినవాడు లేడు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973లో ప్రాజెక్టు టైగరు మొదలైంది. అడవులు నరికివేయడం, విషం పెట్టడం, జీపులలో రాత్రిపూట దీపాలు వేసి కాల్చడం గూర్చి ఆయన చివరి పుస్తకాలలో ఎంత బాధపడ్డారో చదివినవారికి తెలుసు. 1974 ఆగస్టు 30న బెంగుళూరులో క్యాన్సరు వ్యాధితో ఆయన కన్నుమూశారు. అప్పటికి వయసు 64. అడవుల పాత జ్ఞాపకాల మీద వ్రాసిన చివరి పుస్తకం ఆయన పోయిన తరువాత 1976లో అచ్చయింది. కుమారుడు డొనాల్డు కూడా పేరు పొందిన వేటగాడే. ఆయన 2014లో పోయారు.

మన నల్లమల 1978లో అభయారణ్యం అయింది, 1983లో ప్రాజెక్టు టైగరులో చేరింది. మన వైపు అడవిలో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం 1990లో ఏర్పడింది. 1990లలో బ్రాడ్‌గేజి వేసినప్పుడు లైను దారి మార్చారు. బొగద వద్ద పాత సొరంగం, దొరబావి వంతెన స్తంభాలు అడవిలో మిగిలిపోయాయి. ఆ దారిలో దీపం పట్టుకుని నడిచే ఉద్యోగి ఇప్పుడు లేడు.

అయితే భయం పూర్తిగా పోయిందా అంటే, 2024 జూన్‌లో గిద్దలూరు ఘాటు రోడ్డు మీది పచ్చర్ల దగ్గర కట్టెలకు వెళ్ళిన ఒక మహిళను చిరుతపులి చంపింది. రైఫిలు పట్టుకుని ఎవరూ రాలేదు. అటవీశాఖ వారు కెమెరాలు కట్టి, బోనులు పెట్టారు. ఇప్పటి చట్టం ప్రకారం అట్టి మృగాన్ని పట్టుకోవడానికి గాని, మత్తు సూది వేసి తరలించడానికి గాని వీలుకాదని రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కారణాలతో సహా వ్రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తేనే కాల్చాలి. ఆండర్సన్ గారి కాలంలో కబురు, ఒక సెలవు చీటీ సరిపోయేవి.